గాలిమరల బేరం.. సగం ధరకు కుదరని రాజీ

కంబదూరు: ముంగారులో వాన ముఖం చాటేసినా ఈ ప్రాంతాన గాలి మాత్రం తప్పదు. ఆ గాలిని నమ్ముకునే చేరువలోని రామగిరి కొండలపై 1990 దశకంలో తొలితరం గాలిమరలు వెలిశాయి. అయితే అప్పట్లో దేశవ్యాప్తంగా ఈ రంగానికి పెట్టుబడులను రప్పించింది గాలి కన్నా ఆదాయపు పన్ను మినహాయింపే. మర ఖరీదు మొత్తాన్నీ తొలి ఏడాదే తరుగుదల కింద చూపి, లాభాలపై పన్ను తగ్గించుకునే వీలు కంపెనీలకు ఉండేది.

తరువాత ఈ పరిమితిని 80 శాతానికి కుదించారు. అయినా లాభం తక్కువేమీ కాదు. 5 కోట్ల రూపాయల మర అనుకుంటే 4 కోట్లు తరుగుదల. 30 శాతం పన్ను లెక్కన 1.20 కోట్లు తొలి ఏడాదే కంపెనీ చేతిలో మిగులుతాయి. మర ఎన్ని యూనిట్లు ఇచ్చిందన్నది ఈ లెక్కకు అక్కర్లేదు. ఈ లోపాన్ని గుర్తించే 2009 డిసెంబరులో కేంద్రం యూనిట్‌కు 50 పైసల ప్రోత్సాహకం ప్రకటించి, రెండింటిలో ఒకటే ఎంచుకోవాలని షరతు పెట్టింది. తరుగుదల రాయితీని 2012లో ఎత్తివేసి, 2014లో పునరుద్ధరించి, 2017 నుంచి 40 శాతానికి పరిమితం చేసింది.

అందరికీ ఒకే ధర

రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి సైతం ఈ తేడాను గమనించింది. పన్ను రాయితీ పొందే సంస్థలకు తక్కువ ధర, పొందని వాటికి ఎక్కువ ధర నిర్ణయించింది. 2016-17లో రాయితీ పొందని వారి ధర యూనిట్‌కు రూ.4.84.

వివాదం 2019 జులైలో రాజుకుంది. ఒప్పందాల సమీక్షకు ప్రభుత్వం జీవో 63 జారీ చేయగా, పవన విద్యుత్తును రూ.2.43కే ఇవ్వాలని, లేకుంటే ఒప్పందాలు రద్దు చేస్తామని డిస్కంలు లేఖలు రాశాయి. 2017 డిసెంబరులో గుజరాత్ వేలంలో పలికిన ధర కూడా ఇదే. పన్ను లాభం ముందే అందుకున్న వారికీ, అందుకోని వారికీ ఒకే అంకె చూపడం ఈ ప్రతిపాదనలోని ప్రధాన లోపం. రాయితీ పొందిన మేరకు ధర తగ్గించమని అడిగి ఉంటే బేరానికి కొంత న్యాయమైన ప్రాతిపదిక ఉండేది. సంతలో బేరం వేరు, సంతకమైన ఒప్పందం వేరు.

కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. 2019 సెప్టెంబరు 24న ఏకసభ్య ధర్మాసనం జీవోను, లేఖలను కొట్టివేసింది. నియంత్రణ మండలి తేల్చేవరకు తాత్కాలికంగా రూ.2.43 చొప్పున చెల్లించమంది. అంటే రాజీ కుదరకున్నా కొంతకాలం డిస్కంల మాటే చెల్లింది. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ దానినీ తోసిపుచ్చి, ఒప్పంద ధర ప్రకారం బకాయిలు ఆరు వారాల్లో చెల్లించాలని తీర్పునిచ్చింది.

రైతుకు చోటేది?

ఈ బేరసారాల్లో భూమి ఇచ్చిన రైతు ఎక్కడా కానరాడు. ఒకసారి పొలం అమ్ముకున్నాక యూనిట్ ధర పెరిగినా తగ్గినా అతడికి ఒరిగేది లేదు. బోరుకు ఉచిత విద్యుత్తు అందుతున్నా, ఇంటి మీటరుకు బిల్లు తప్పదు. డిస్కంలు కొనుగోలుకు వెచ్చించే సొమ్ము చార్జీల లెక్కలోకే చేరుతుంది.