రెండు పడవలపై కాళ్లు

లినక్సు వాడువారిలో నొక దురభ్యాసము చిరకాలముగా నున్నది. స్థిరమైన విడుదలను యంత్రమున నెలకొల్పుకొందురు. పిమ్మట నేదో క్రొత్త ప్రోగ్రాముపై మనసుపడి, తరువాతి విడుదలయొక్క భాండారమును గూడ దానికి జోడింతురు. ఆధారములు కుదురుట లేదని ఆప్టు మొరపెట్టగానే, దాని మొండితనమును నిందింతురు. అది మొండితనము కాదు, కావలివాని హెచ్చరిక యని మా యభిప్రాయము.

డెబియనునే చూతము. 2023 జూనులో వెలువడిన 12వ విడుదల బుక్‌వర్ము. 2025 ఆగస్టులో వెలువడిన 13వది ట్రిక్సీ. దాదాపు ప్రతి ప్రోగ్రామునకును పునాదియైన జీలిబ్‌సీ మొదటిదానిలో 2.36, రెండవదానిలో 2.41. ట్రిక్సీకై కూర్చిన ప్యాకేజి తనకు తగిన క్రొత్త లైబ్రరీలను కోరును. అవి రాగా, పాతవానితో ముడిపడియున్న ప్యాకేజీలు కదలును. ఒక్కదానికై పోయినవాడు పెక్కింటిని మార్చుటకో తొలగించుటకో సమ్మతింపవలసివచ్చును.

విడుదల యనగా ప్యాకేజీల గుంపు మాత్రమే కాదు. ఒకదానితో నొకటి పరీక్షింపబడి కుదిరిన కట్టుబాటు. దానిని బలవంతముగా త్రెంచువారు, అప్పటికి గెలిచినను, తరువాతి నవీకరణమున నోడుదురు. డెబియనువారే యిట్టి సంకరమునకు ఫ్రాంకెన్‌డెబియన్ అని పేరిడి, వలదని హెచ్చరించుచున్నారు.

అట్లని క్రొత్తదనమును కోరుట తప్పు కాదు. బుక్‌వర్మునం దున్నవారు సగము గాక పూర్తిగా ట్రిక్సీకి తరలవచ్చును. ట్రిక్సీయం దున్నవారికి బ్యాక్‌పోర్ట్స్ గలదు. క్రొత్త ప్రోగ్రాములను స్థిర విడుదలకు సరిపడునట్లు మరల కూర్చి యిచ్చు భాండార మది. అందును దొరకనిచో మూలమును తెచ్చి తన యంత్రముననే కూర్చుకొనవచ్చును.

కలుపక తప్పదనువారు ప్రాధాన్యములనైన విధింపవలయును. సాధారణముగా భాండారముల ప్రాధాన్యము 500. పరాయిదానికి 100 విధించినచో, స్వంత విడుదలలోని ప్యాకేజీల స్థానమున నది తనంతట చొరబడదు. అయినను ప్రాధాన్యము ఆధారముల చిక్కును విప్పజాలదు. ఏది ముందో చెప్పును, అంతియ. కావున ఆజ్ఞను మొదట ఉత్తుత్తిగా నడిపించి, తొలగింపబోవు ప్యాకేజీల జాబితాను సాంతము చదువవలయును. వెనుకకు మరలుదమన్నచో, పాత సంచికలకు దిగుటను డెబియను సమర్థింపదు.

స్వంత యంత్రమున నెవరి సాహసము వారిది. కాని పఠనమందిరమునను, పాఠశాలయందును పదిమంది నమ్ముకొన్న యంత్రముపై నీ ప్రయోగము తగదు. ఆప్టు వలదన్నప్పుడు, త్రోసిరాజనక, ఏల వలదన్నదో విచారించుటయే వివేకము.