చత్వారంలోని నలభై

పదో తరగతి భౌతికశాస్త్రంలో హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి అనే మాటల పక్కనే చత్వారం కూడా ఉంటుంది. మొదటి రెండూ పరీక్షలు కాగానే పుస్తకంలో ఉండిపోతాయి. చత్వారం మాత్రం ఇంటింటా వినిపిస్తుంది. "చత్వారం వచ్చేసింది, కాస్త దారం ఎక్కించవే" అని మనవరాలిని పిలిచే అమ్మమ్మకు ఏ పాఠమూ అక్కర్లేదు.

సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు. మన మాటకు మూలం అదే. మరాఠీల చాళిశీ, కన్నడిగుల చాళీసు, బెంగాలీల చాల్‌శే కూడా నలభై నుంచే పుట్టాయి. మరాఠీలో కళ్లజోడుకే ఆ పేరు వచ్చింది. తమిళులూ మలయాళీలూ వెళ్ళెళుత్తు అన్నారు, అంటే తెల్లని అక్షరం. పేజీ వెలిసిపోయినట్టుండే ఆ అవస్థంతా అందులో ఉంది. అయినా నాకు మన మాటే ఎక్కువ ఇష్టం. ఇది వయసుతో వచ్చేదని, ఎవరి లోపమూ కాదని అది ముందే చెప్పేస్తుంది. చిన్నప్పుడు మెత్తగా ఉండి, దగ్గరి వస్తువు చూడాలంటే ఉబ్బే కంటి కటకం ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. అంతే సంగతి.

అందరికీ వచ్చేదేగా అని ఊరుకోవడమే బాధాకరం. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరిచూపు అద్దాలిచ్చి చేసిన పరిశోధన 2018లో వెలువడింది. అద్దాలు లేనివాళ్లతో పోలిస్తే వాళ్లు కోసే ఆకు 20 శాతానికి పైగా పెరిగింది. మందూ లేదు, ఆపరేషనూ లేదు, మామూలు కుంభాకార కటకమే. ఆకు కోతకే అంత తేడా ఉంటే, మగ్గం మీద పోగుకు పోగు అతికే నేతగాళ్ల మాటేమిటి? కాజాలు కుట్టే దర్జీల మాటేమిటి? తెలంగాణలో 2018 ఆగస్టులోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులోనూ మొదలైన కంటి వెలుగు పథకాలు జనం దగ్గరికే వెళ్లి పరీక్షలు చేసి అద్దాలిచ్చాయి. ఒక్క విడతతో తీరే పని కాదది. ఇచ్చిన అద్దం కొన్నేళ్లకు చాలదు, నలభైలోకి అడుగుపెట్టేవాళ్లు ఏటా ఉంటారు.

అచ్చువేసేవాళ్లకూ ఇందులో బాధ్యత ఉంది. కాగితం కలిసొస్తుందని టైపు కుదిస్తే తెలుగు లిపి ఓర్చుకోలేదు. గుడీ గుడిదీర్ఘమూ ఒకేలా కనిపిస్తాయి, థ పొట్టలో చుక్క మాయమవుతుంది, వత్తులు కింది వరుసకు తగులుతాయి. ఈ సంచిక నుంచి కథలనూ వ్యాసాలనూ పెద్ద అక్షరాల్లో వేస్తున్నాం. పేజీలు పెరుగుతాయి, వెల పెంచడం లేదు.