ఆడేవాళ్ళు ఎప్పుడు తింటారు?

కాబరే అన్న మాటను మనలో చాలామందికి పరిచయం చేసింది సినిమా. డెబ్బైల నాటి తెలుగు చిత్రంలో క్లబ్బు సన్నివేశం ఒకటి తప్పనిసరి. గుండ్రటి బల్లలు, వాటిమీద గాజుగ్లాసులు, ఎర్రనివీ నీలివీ దీపాలు, మూలబల్ల దగ్గర ప్రతినాయకుడు, నడుమ జ్యోతిలక్ష్మి ఆటో జయమాలిని ఆటో, వెనుకనుంచి ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు. అటువంటి సన్నివేశాలు లెక్కలేనన్ని చూశాను గానీ, ఆ బల్లల దగ్గర కూర్చున్నవారెవరైనా కడుపునిండా అన్నం తిన్నట్టు నాకు గుర్తులేదు. ఇక ఆట ముగించి తెర వెనక్కి వెళ్ళిన ఆవిడ ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో, ఏ దర్శకుడూ చూపించలేదు. నా ఈ టపా ఆ రెండో సంగతి గురించి.

మా గోదావరిఖనిలో కాబరే క్లబ్బు లేదు. బార్లున్నాయి, ఫ్యామిలీ రెస్టారెంట్లున్నాయి, వీధికొకటి చొప్పున ఫంక్షన్ హాళ్ళున్నాయి. ఒకవైపు భోజనం, ఒకవైపు పాటా ఆటా సాగే రాత్రులు మాత్రం బోలెడు. వాటిని ఎవరూ కాబరే అనరు. దావత్ అంటారు, ప్రోగ్రామ్ అంటారు. పేరు ఏదైతేనేం, తినేవారి ఎదుట ఒకరు ఆడటమన్న ఏర్పాటు ఒకటే. కనుక ఆ పరాయిమాటనే పట్టుకుని కొంచెం దూరం వెళ్ళివస్తాను, ఓపిక పట్టండి.

ఫ్రెంచివారికి కాబరే అంటే మొదట్లో ఆట కాదు. మామూలు పానశాల, పూటకూళ్ళ ఇల్లు వంటిది. 1881లో పారిస్ మోంమార్త్ర్‌లో 'ల షా న్వార్' (నల్లపిల్లి) తెరిచాకనే కవులూ పాటగాళ్ళూ అక్కడ చేరి దానికి ఇప్పటి అర్థం తెచ్చారు. 1889లో మూలాన్ రూజ్ వచ్చింది. మన సింగరేణిలో, ఇల్లెందు దగ్గర, బొగ్గు తవ్వకం మొదలైందీ ఆ 1889లోనే. ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు, నా ముచ్చట కొద్దీ చెప్పాను. సంబంధమున్నది మరొకచోట. ఎమిలీ జోలా 1885లో వెలువరించిన 'జెర్మినల్' నవలలో గనికి ఎదురుగా ఒక పానశాల ఉంటుంది. దాన్ని నడిపే రాస్నర్ ఒకప్పటి గనికార్మికుడు. సమ్మె చేసినందుకు పనిలోంచి తీసేస్తే ఆ కొట్టు పెట్టుకున్నాడు. కార్మికులు పని దిగి వచ్చి అక్కడే గొంతు తడుపుకుంటారు, అక్కడే సమ్మె మాటలు మాట్లాడుకుంటారు. అంటే గనికీ కాబరేకీ చుట్టరికం పాతదే. మెరుపుల దుస్తులు తరువాత వచ్చాయి.

మరి మనకు ఇటువంటిది లేదా అంటే, నిక్షేపంగా ఉంది. దానికి అందమైన మాట కూడా ఉంది: మేజువాణి. గోదావరి జిల్లాల్లో కళావంతులు జమీందారుల ఇళ్ళలో, షావుకార్ల చావళ్ళలో కూర్చున్న సభకు పదాలూ జావళీలూ అభినయించి చూపిన కచేరీని అలా అనేవారు. ఈ మాట 'మేజ్బానీ' అన్న పారసీ మాట నుంచి వచ్చింది. మేజ్బాన్ అంటే ఆతిథ్యమిచ్చేవాడు. ఆటకు పెట్టిన పేరులోనే అతిథి మర్యాద ఉందన్నమాట. మా తెలంగాణలో వాడే 'దావత్' కూడా అటువంటిదే. దాని అసలు అర్థం ఆహ్వానం. రెండు మాటల్లోనూ గృహస్థు ఉన్నాడు, పిలుపు ఉంది, పెట్టుపోతలున్నాయి. అలాగని ఆ చావళ్ళను స్వర్గంగా చిత్రించబోను. పిల్లను ఊహ తెలియనివయసులో దేవుడికో జమీందారుకో ముడిపెట్టే ఆచారం దుర్మార్గం. వీరేశలింగంగారి వంటివారు ఆ మేళాలమీద కత్తి కట్టారంటే ఊరికే కట్టలేదు.

కానీ చట్టం నడిచిన దారి చూడండి. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ సమర్పణను నిషేధించారు. సమర్పణ ఆగటం న్యాయం. అంతటితో ఆగక, 1956లో ఆంధ్రలో ఆ చట్టాన్ని సవరించి పెళ్ళిళ్ళలో మేళాలు పెట్టడాన్నీ నిషేధించారు. పెళ్ళి భోజనాలు ఆగలేదు, పెళ్ళిపెద్దలు పస్తులుండలేదు. ఆగింది ఆడేవారి బత్తెం. ఆ తరువాత వారి విద్యే సభావేదికల మీదికి ఎక్కి గౌరవం పొందింది. నటరాజ రామకృష్ణగారి వంటివారు వృద్ధకళాకారిణుల ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి నేర్చుకుని, ఆంధ్రనాట్యమని పేరు పెట్టి దాన్ని నిలబెట్టారు. విద్య బతికింది, సంతోషమే. దాన్ని దాచుకున్న మనుషుల్లో ఎందరు ఎలా బతికారన్నది వేరే కథ.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్నీమధ్య మా వీధిలోని ఒక పెద్దాయన నాకొక పని అప్పజెప్పారు. వరుసకు చిన్నాయన అవుతారు. బాయిలో తట్టా చెమ్మస్ ఎత్తిన చేతులు ఆయనవి. కోల్‌ఫిల్లర్‌గా చేరి, చివరికి మెడికల్ అన్‌ఫిట్ అయి దిగిపోయారు. కారుణ్య నియామకం కింద కొలువు కొడుక్కి వచ్చింది. కూతురికి పాట వచ్చింది. ఆ అమ్మాయి ఒక ఆర్కెస్ట్రాలో పాడుతుంది. ఇటు మంచిర్యాల, అటు పెద్దపల్లి, కరీంనగర్ దాకా వెళ్ళి పెళ్ళి రిసెప్షన్లలో, రిటైర్మెంట్ దావతుల్లో, డిసెంబరు 31 రాత్రి విందుల్లో పాడుతుంది. ఆమె పక్కనే ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఆడతారు కూడా. చిన్నాయన బాధ ఇది: "తినేటోళ్ళ ముంగట, తాగేటోళ్ళ ముంగట పాడుడేంది బిడ్డా? నలుగురు నాలుగు తీర్ల అంటున్నరు. చదువుకున్నోనివి, జర నువ్వన్న చెప్పు దానికి."

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆయనకు నిలబెట్టి వివరించటం కష్టం గనుక ఇక్కడ రాస్తున్నాను.

బొగ్గు ప్రాంతంలో రిటైర్మెంట్ దావత్ ఎలా ఉంటుందో తెలియనివారికి రెండు మాటలు. నెల ఆఖరు రోజున కార్మికుడు చివరి మస్టర్ పడి వస్తాడు. దండలతో, బ్యాండుతో ఇంటిదాకా ఊరేగిస్తారు. సాయంత్రం ఫంక్షన్ హాల్లో బగారన్నం, మటన్, బోటీ కూర. ముప్పై ఏళ్ళు చీకట్లో పనిచేసి ప్రాణాలతో బయటపడ్డ మనిషి వెలుగులో కూర్చుని, తనవాళ్ళు తింటుంటే, పాట వింటాడు. ఇంతకంటే పవిత్రమైన వేడుక నాకు తెలియదు. అక్కడ పాట ఉండకూడదనీ, ఆట ఉండకూడదనీ ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. డిసెంబరు 23న సింగరేణి డే జరుపుతారు. ఇంటిల్లిపాదీ తినుబండారాల స్టాళ్ళ దగ్గర చేతిలో ప్లేటు పట్టుకుని వేదిక మీది నృత్యాలు చూస్తారు. దాన్ని ఎవరూ తప్పుపట్టరు కదా! తింటూ చూడటమే దోషమైతే అదీ దోషమే కావాలి.

అయితే దోషం ఎక్కడ ఉంది? ఆ అమ్మాయినే అడిగాను. సిగ్గుపడుతుందేమో, తాగినవాళ్ళ గురించి చెబుతుందేమో అనుకుని అడిగాను. "గొంతు పట్టుకుంటదని ముందుగాల తినం అన్నా. మైకు ఇడిచేసరికి పన్నెండైతది. అప్పటికి వాళ్ళు గిన్నెలు కడుగుతుంటరు. వచ్చేటప్పుడు బండ్ల బిస్కెట్లు తింటం" అంది. ఫిర్యాదులా కూడా అనలేదు, పనిలో అదీ ఒక భాగం అన్నట్టు అంది. రెండు మూడు వందలమంది తినిలేచిన హాల్లో, తెల్లవార్లూ కుక్కలకు పారబోసేంత అన్నం మిగిలిన హాల్లో, మూడు గంటలు నిలబడి పాడిన పిల్లకు విస్తరి లేదు. ఇది ఏ ఒక్క హాలు గొడవో కాదు, ఆమె చెప్పినదాన్నిబట్టి అన్నిచోట్లా ఇదే వరస.

నన్నడిగితే, భోజనమూ ప్రదర్శనా ఒకచోట ఉండటంలో అనాచారం ఏమీ లేదు. ఆడినవారికి పెట్టకపోవటమే అనాచారం. ఈ ఊరు ఆ మాట అందరికంటే ముందు గ్రహించాలి. 1952 గనుల చట్టం కింద 1955లో చేసిన నిబంధనల్లో 250 మందికి మించి పనిచేసే గని దగ్గర క్యాంటీను పెట్టించే నియమం ఉండేది. అంటే పనిచేసేచోట తిండి అన్నది యజమాని దయ కాదు, కార్మికుడి హక్కు. మా నాన్నల తరం క్యాంటీనులో చాయ్ నీళ్ళగా ఉన్నా గొడవచేసేది. మన జీతబత్తేల మాటలోనే జీతం పక్కన బత్తెం కూర్చుని ఉంది. మా పల్లెలకు చిందు భాగవతులు వస్తే ముందు వారి వంటకు బియ్యం పప్పు కొలిచి ఇచ్చాకనే ఆట ముచ్చట. నిరుపేద వాడలు కూడా ఆ మర్యాద తప్పలేదు. మెరిసే సీలింగులున్న హాళ్ళకు వచ్చేసరికి తప్పింది.

ఆపేయటం తేలిక గనుక అందరూ అదే చెబుతారు. ఆపేస్తే ఏమవుతుందో బొంబాయి చూపించింది. 2005లో మహారాష్ట్ర ప్రభుత్వం డాన్స్ బార్లను నిషేధించింది. ఉపాధి పోయేవారి సంఖ్య 75,000 అని కోర్టు వ్యవహారాల్లో వినబడింది. తమాషా ఏమిటంటే, ఆ నిషేధం మూడు నక్షత్రాల హోటళ్ళకూ ఆ పైవాటికీ వర్తించదు. ఖరీదైన బల్ల దగ్గర కూర్చుని చూస్తే కళ, చౌకబల్ల దగ్గర చూస్తే చెడు! 2006లో బొంబాయి హైకోర్టు, 2013లో సుప్రీంకోర్టు ఇది చెల్లదన్నాయి. ప్రభుత్వం 2016లో మళ్ళీ ఒక చట్టం తెస్తే, 2019 జనవరిలో సుప్రీంకోర్టు అందులోని షరతులను చాలావరకు కొట్టివేసింది. ఆడేవారిమీద నోట్లు వెదజల్లకూడదన్నదాన్ని మాత్రం ఉంచింది, మెచ్చి బహుమానం ఇవ్వటాన్ని కాదనలేదు. నాకు నచ్చిన తేడా అది. చేతికిచ్చేది బహుమానం, మీద చల్లేది అవమానం. ఈ చిన్న సంగతి తేలటానికి పద్నాలుగేళ్ళు పట్టింది. ఈలోపల ఆ అమ్మాయిలు ఏం తిన్నారని నేను మళ్ళీ అడిగితే మీరు విసుక్కుంటారు.

కలకత్తాలో మిస్ షెఫాలీ అనే పేరుతో ఫర్పోస్‌లోనూ పెద్ద హోటళ్ళలోనూ ఆడిన ఆరతీ దాస్ తూర్పు బెంగాల్ నుంచి వలసవచ్చిన కుటుంబంలోని పిల్ల. ఇంటిపనికి కుదిరి, అక్కడి విందుల్లో నాట్యం చూసి నేర్చుకుని, ఇల్లు గడపటానికి ఆ వృత్తిలోకి వచ్చింది. సత్యజిత్ రాయ్ 1970లో 'ప్రతిద్వంది'లోనూ 1971లో 'సీమాబద్ధ'లోనూ ఆమెను చూపించారు. 2020లో పోయింది. విందులో వడ్డించే గదికీ ఆడే గదికీ మధ్య దూరం ఎంతో ఆమెకు తెలిసినంతగా ఏ నీతిబోధకుడికీ తెలియదు.

తాగి మీదమీదికి వచ్చేవాళ్ళ మాటేమిటని చిన్నాయన అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కూతురున్న తండ్రి అడగవలసిందే. కానీ తాగినవాణ్ణి ఆపమని హాలువాళ్ళను అడగాలి, పాడేదాన్ని ఇంట్లో కూర్చోమనటం దానికి జవాబు కాదు. బాయిలో కప్పు కూలుతుందంటే కప్పుకు దిమ్మెలు పెట్టమని కొట్లాడాం గానీ, ఎవరూ బొగ్గు తవ్వొద్దనలేదు. బట్టలు మార్చుకోవటానికి తలుపుకు గడియ ఉన్న గది, వేదికకూ బల్లలకూ నడుమ నాలుగు అడుగుల జాగా, అర్ధరాత్రి ఇల్లు చేర్చే బండి, వేళకు భోజనం. అడ్వాన్సు పుచ్చుకునేటప్పుడే ఇవన్నీ కాగితం మీద రాయించుకోమని ఆ అమ్మాయికి చెప్పాను. "గివన్ని అడిగితె ఇంకో పార్టీని పిలుచుకుంటరు" అని నవ్వింది. ఆ మాటా నిజమే. ఒక్కరు అడిగితే పోటీవాళ్ళు వస్తారు. చుట్టుపక్కల పాడేవాళ్ళంతా కూడి అడగాలి. కూడి అడగటమెలాగో ఈ ఊరికి ఒకరు నేర్పనక్కరలేదు.

అడగవలసింది వాళ్ళొక్కరే కాదు, పిలిచేవాళ్ళం మనం కూడా ఉన్నాం. ఈ నెలాఖరున మా మేనమామ దిగిపోతున్నాడు. దావత్ ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. ఆర్కెస్ట్రావాళ్ళు తొమ్మిదిమంది, వాళ్ళకు ఏడుగంటలకే కూర్చోబెట్టి వడ్డించమనీ, గొంతు కోసం ముందు తిననివాళ్ళకు వేరే గిన్నెల్లో తీసి మూతపెట్టమనీ కేటరింగ్ అతనికి చెప్పాను.

"ఏడింటికా? చుట్టాలే రారు గద సార్" అన్నాడు.

రాకపోయినా వడ్డించమన్నాను.