ఇంటి ధరను బట్టి చదువా?

ఈమధ్య అమెరికాలో ఒక తెలుగు సంఘం ఉగాది వేడుకలో మైకు అందుకున్న ఒక పెద్దమనిషి ఈ దేశంలో గవర్నమెంటు బడులు పాడైపోయాయన్నారు. అక్కడి పిల్లలకు చదువు మీద ధ్యాస లేదట, వాళ్ళ తల్లిదండ్రులకు పట్టదట. తలా ఒక వోచరు, అంటే ఫీజుకు ప్రభుత్వ సొమ్ము, ఇచ్చి ప్రైవేటు బడికి పొమ్మంటే చాలట. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయన పిల్లలు చదివింది గవర్నమెంటు బడిలోనే. చప్పట్లు కొట్టినవారి పిల్లల్లో చాలామంది ఇప్పుడు చదువుతున్నదీ అక్కడే. మన పిల్లలు వెళితే అది మంచి స్కూల్ డిస్ట్రిక్టు, ఊరికి అటువైపు పేదపిల్లలు వెళితే పాడైపోయిన గవర్నమెంటు బడి! ఈ మాట వినీ వినీ ఒళ్ళు మండిపోతోంది. ఇది అబద్ధం. అంతకుమించి, అన్యాయం.

బడికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ముందు చూడాలి. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది ఖర్చులో సుమారు పదోవంతే. మిగతాది రాష్ట్రమూ, ఆ ప్రాంతపు బడులు నడిపే స్థానిక స్కూల్ డిస్ట్రిక్టూ భరించాలి. స్థానికంగా వచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఆస్తిపన్ను. ఖరీదైన ఇళ్ళున్న చోట తక్కువ రేటు వేసినా సొమ్ము పోగవుతుంది. చవక ఇళ్ళున్న చోట ముక్కుపిండి వసూలు చేసినా చాలదు.

పేద తల్లిదండ్రులకు పట్టదనేవారు ఒక్కసారి టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో కథ వినాలి. 1968లో అక్కడి ఎడ్జ్‌వుడ్ హైస్కూలు పిల్లలు తమ బడి దుస్థితిని భరించలేక క్లాసులు వదిలి బయటికి నడిచారు. వాళ్ళలో అత్యధికులు మెక్సికన్ అమెరికన్లు. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి మరికొందరు తల్లిదండ్రులతో కలిసి కోర్టుకెక్కాడు. కోర్టు ముందుకొచ్చిన లెక్కలు ఇవి: ఎడ్జ్‌వుడ్ జనం 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల చొప్పున పన్ను కడితే ఒక్కో పిల్లవాడికి స్థానికంగా సమకూరింది 26 డాలర్లు. అదే ఊళ్ళో ధనికులుండే ఆలమో హైట్స్ వాళ్ళు 85 సెంట్లు కడితే 333 డాలర్లు వచ్చాయి. ఎక్కువ రేటు కట్టినవాళ్ళెవరు? పట్టదని మనం నిందిస్తున్నవాళ్ళే. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ పద్ధతి చెల్లుతుందని తేల్చింది. చదువు ఫెడరల్ రాజ్యాంగం ప్రకారం ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. బడుల్లో జాతివివక్షకు వ్యతిరేకంగా బ్రౌన్ కేసు వాదించిన థర్‌గుడ్ మార్షల్ అప్పటికి అదే కోర్టులో జడ్జిగా ఉన్నారు. ఆయన తీవ్రంగా అసమ్మతి తెలిపినా ఫలితం లేకపోయింది. చివరకు 1993లో టెక్సస్ రాష్ట్రమే ధనిక డిస్ట్రిక్టుల సొమ్ములో కొంత తీసి పేద డిస్ట్రిక్టులకు పంచే చట్టం తెచ్చింది. దానికి రాబిన్ హుడ్ అని పేరు పెట్టి నేటికీ తిట్టిపోస్తున్నారు.

ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో ఒక తల్లి తన తండ్రి చిరునామా చూపించి ఇద్దరు కూతుళ్ళను పక్క డిస్ట్రిక్టు బడిలో చదివించింది. అందుకు 2011లో ఆమెను జైలుకు పంపారు. బిడ్డల్ని మంచి బడికి పంపాలనుకున్న తల్లికి జైలు! చదువు మీద ధ్యాస లేదనేవారు ఆమె మొహం చూసి ఆ మాట అనగలరా?

ఇక మన సంగతి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనైనా, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనైనా మనవాళ్ళు ఇల్లు కొనేముందు చూసేది బడి రేటింగు. పదికి తొమ్మిదంటే ఎగబడతారు, నాలుగంటే గుమ్మం కూడా తొక్కరు. ఆ రేటింగులో పెద్దపీట పరీక్ష మార్కులదే. మార్కులు చాలావరకు ఇంటి ఆదాయం వెంటే నడుస్తాయి. డిగ్రీలు, ఉద్యోగాలు చూసి వీసా ఇచ్చి రప్పించుకున్న మనుషుల పిల్లలు బాగా చదవడం వింత కాదు. అది మన జాతి గొప్పతనమని చాటుకోవడం, రెండు ఉద్యోగాలు చేసినా అద్దె కట్టలేని తల్లి బిడ్డతో పోల్చి ఆ బిడ్డను తక్కువ చేయడం సిగ్గుచేటు. సొంత ఊళ్ళో మనం చేసిందీ ఇదే. మనకు అక్షరాలు నేర్పిన సర్కారు బడిని మన పిల్లలకు పనికిరాదని వదిలేశాం, తర్వాత అది పాడైందని మనమే అన్నాం.

టీచర్లను కూడా ఈ నోళ్ళు వదలవు. అమెరికా గవర్నమెంటు బడుల టీచర్లు ఎందరో సొంత డబ్బుతో పెన్సిళ్ళు, కాగితాలు కొని క్లాసు నడుపుతున్నారు. ఆ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. అందుకే ఆ ఖర్చును కొంతవరకు పన్ను లెక్కలో మినహాయిస్తోంది. బడికి కావలసిన సామాను ప్రభుత్వమే కొనివ్వాలన్న ఆలోచన మాత్రం రాదు.

సంస్కరణ పేరుతో ఇన్నేళ్ళుగా జరిగినదాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 2002లో జార్జ్ బుష్ సంతకం చేసిన చట్టం 2014 నాటికి ప్రతి పిల్లవాడూ ప్రమాణం అందుకోవాలంది. అందుకోలేదు. మార్కుల ఒత్తిడికి పిల్లల జవాబులు దిద్ది మార్చిన కేసులో 2015లో అట్లాంటా విద్యాశాఖ ఉద్యోగులు 11 మంది దోషులుగా తేలారు. ఇప్పుడు వోచర్ల వంతు. 2022లో అరిజోనా అందరికీ తలుపు తెరిచింది, 2025లో టెక్సస్ 100 కోట్ల డాలర్లు కేటాయించింది. ఏ పిల్లవాడిని చేర్చుకోవాలో నిర్ణయించేది మాత్రం ప్రైవేటు బడే. వద్దనిపించుకున్నవాడు ఎక్కడికి పోవాలి?

దారి లేకపోలేదు. అబాట్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు నూవర్క్, కామ్డెన్ లాంటి పేద డిస్ట్రిక్టుల పిల్లలకు ధనిక డిస్ట్రిక్టులతో సమానంగా ఖర్చు పెట్టమంది, ఆ తర్వాత మూడు, నాలుగేళ్ళ పిల్లలకు కూడా బడి పెట్టించింది. అమెరికాలో అతి పేద రాష్ట్రాల్లో ఒకటైన మిసిసిప్పీ 2013లో చట్టం చేసి, అక్షరాల ధ్వనులతో చదవడం నేర్పే పద్ధతిలో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. నాలుగో తరగతి పిల్లల చదవడంలో అప్పటికి 49వ స్థానంలో ఉన్న ఆ రాష్ట్రం 2024కి 9వ స్థానానికి వచ్చింది. పేదపిల్లలకు చదువు అబ్బదనేవారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. బడి డబ్బును ఇంటి ధర నుంచి విడదీయాలి. రాష్ట్రం మొత్తం పోగుచేసి, అవసరం ఎక్కువున్న పిల్లవాడికి ఎక్కువ ఇవ్వాలి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి నా విన్నపం ఒక్కటే. మీ డిస్ట్రిక్టు స్కూలు బోర్డు సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, వెళ్ళండి. పౌరసత్వం వచ్చినవారు ఆ ఎన్నికల్లో ఓటెయ్యండి. పక్క డిస్ట్రిక్టు పిల్లల కోసం నాలుగు డాలర్లు ఎక్కువ పన్ను అడిగితే అడ్డుపడకండి. అంతవరకూ చేయలేకపోతే, కనీసం ఆ పిల్లలను నిందించడం మానండి.