పంచాయతీ జెండాకు ఖద్దరు బరువైందా?

ఆగస్టు 15 వచ్చిందంటే కృష్ణా జిల్లా బడుల్లో ప్రతి వక్తా చెప్పే మాట, జాతీయ జెండాను తయారుచేసినది మన భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారని. మాట నిజమే గాని సగమే. తక్కిన సగం ఎవరూ చెప్పకపోవడం వల్ల ఆ జెండా ఏ గుడ్డతో పుట్టిందో జనం మరచిపోతున్నారు.

వెంకయ్యగారు 1916లోనే 30 నమూనాలతో పతాకం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం అచ్చువేయించారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు గాంధీజీ ఆయనను పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం వేసి ఇమ్మన్నారు. రాట్నం ఆలోచన జలంధరు వాసి లాలా హన్స్‌రాజ్‌ది. వెంకయ్యగారు మూడు గంటల లోపే జెండా సిద్ధం చేసినా కమిటీ ముందు పెట్టే వేళ దాటిపోయింది. చిత్రమేమంటే, ఆలస్యమే మంచిదైందని గాంధీజీ సంతోషించారు. ఎరుపు హిందువులకు, పచ్చ ముస్లిములకు అనుకుంటే మిగతా మతాలవారి మాటేమిటన్న ఆలోచన ఆయనకు ఆ తరువాతే కలిగింది. అలా తెలుపు చేరింది. ఈ సంగతి ఆయనే ‘యంగ్ ఇండియా’లో రాస్తూ, జెండా ఖద్దరుతోనే ఉండాలని కూడా చెప్పారు.

1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. రంగులకు మతాలతో సంబంధం లేదని కాంగ్రెస్ అప్పుడే స్పష్టం చేసింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో 24 ఆకుల అశోక చక్రాన్ని ఉంచింది. రాట్నమైతే రెండో వైపు నుంచి తిరగబడి కనిపిస్తుందని నెహ్రూ కారణం చెప్పారు. గాంధీజీకి ఈ మార్పు నచ్చలేదు.

బొమ్మ పోయినా నూలు మిగిలింది. చేతితో వడికి, చేతితో నేసిన గుడ్డే వాడాలన్న నియమం చాలాకాలం నడిచింది. 2021 డిసెంబరు 30న ఆ నియమాన్ని సడలించి మరనేత గుడ్డకు, పాలియెస్టరుకు అనుమతి ఇచ్చారు.

చవకగా దొరికితేనే గదా ఇంటింటా ఎగిరేది అంటారు. సబబే. కూలివాడు తన గుడిసె మీద ఏ గుడ్డ కట్టినా తప్పు పట్టరాదు. కాని పంచాయతీ ఆఫీసుకు ఏడాదికి కావలసినది ఒకటో రెండో జెండాలు. వీధి దీపాలకు వేలు ఖర్చు రాసే పంచాయతీకి ఒక్క ఖద్దరు జెండా బరువా? నేతగాడికి పని లేదని సభల్లో వాపోయే పెద్దలే ఆగస్టు 14 సాయంత్రం బజారుకు మనిషిని పంపి పాలియెస్టరు జెండా తెప్పించడం విచారకరం.

సర్పంచులు జూలైలోనే తీర్మానం చేసి, ఖాదీ భండారుకు ముందుగా ఆర్డరు పంపవలసి ఉంది. బడులకు కావలసిన జెండాలు కూడా అందులోనే కలిపితే రవాణా ఖర్చు కలిసివస్తుంది.