ఇరవైయారవ బావి



బావి తవ్వించినవాని పేరు రాతిమీద చెక్కించే అలవాటు మన పల్లెల్లో ఉన్నది. అక్కడ నీరు పడుతుందని ముందుగా ఎరిగి చెప్పినవాని పేరు మాత్రము ఎక్కడా కనబడదు. 2018 జూలైలో ఆస్ట్రేలియా ఎడారిలో ఒక బావి దగ్గర కూర్చుని మేము ఈ సంగతే చెప్పుకున్నాము.

మా అమ్మాయి కాపురము పెర్త్ పట్టణములో. ఆ యేడు మేము అక్కడ ఉండగా అల్లుడు, అతని స్నేహితులు నాలుగు ఫోర్‌వీల్ జీపులలో కానింగ్ స్టాక్ రూట్ అనే దారిన బయలుదేరుతూ మమ్మల్ని కూడా ఎక్కించుకున్నారు. ఈ వయసులో గుడారాల్లో పడకేమిటని ముందు జంకాము.

విలూనా అనే చిన్న ఊరి నుండి ఉత్తరాన హాల్స్ క్రీక్ వైపు దాదాపు 1,850 కిలోమీటర్లు. దానిని రోడ్డు అనలేము, ఎర్ర ఇసుకలో రెండు చక్రాల జాడ, అంతే. దాటవలసిన ఇసుక దిబ్బలు 900కు పైగా ఉన్నాయి. విలూనా వదిలితే డీజిల్ మళ్ళీ దొరికేది సుమారు 1,000 కిలోమీటర్ల అవతల, కునవరిట్జి అనే ఆదివాసుల పల్లెలో. కనుక నూనె, నీళ్ళు, తిండి, టైర్లు అన్నీ జీపుమీదే మోసుకుపోవాలి. మా సామానులో బియ్యము, కందిపప్పు, ఆవకాయ జాడీ కూడా ఉన్నాయని చెప్పనక్కరలేదు.

దిబ్బ ఎక్కాలంటే టైర్లలో గాలి సగానికి తగ్గించాలి. అవతలి నుండి వచ్చే బండి కనబడదు గనుక ప్రతి జీపుకూ పొడుగు కర్రమీద జెండా కట్టి, ఎక్కేముందు వైర్‌లెస్‌లో కేక వేయాలి. వెనుక జీపు దుమ్ము కనబడకపోతే ముందు జీపు ఆగిపోవాలి. స్పినిఫెక్స్ అనే ముళ్ళగడ్డి బండి అడుగున చేరితే వేడికి అంటుకుంటుంది, కాబట్టి పూటకోసారి కిందికి దూరి దులపాలి. పగలు హాయిగానే ఉండేది గాని రాత్రి చలికి పళ్ళు కొట్టుకునేవి.

ఎనిమిదవ రోజు సాయంత్రము మూడవ జీపులోని నీళ్ళ ట్యాంకు గతుకులకు పగిలిందని తెలిసింది. 60 లీటర్లు ఇసుకపాలు. ఆ జీపులో ఇద్దరు చిన్నపిల్లలు. అందరూ నిశ్శబ్దంగా ఎవరి డబ్బాలవైపు వారు చూసుకున్నారు. మనకు మిగిలింది ఎన్ని రోజులకు వస్తుందన్న లెక్క మా మనసులో కూడా మెదిలింది. దాచడమెందుకు? మేము లెక్కవేస్తూ ఉండగానే అల్లుడు లేచి, “మావయ్యగారూ, ఆ పక్క డబ్బా కాస్త అందివ్వండి, మనవి కూడా దించేద్దాం” అన్నాడు. నాలుగు జీపుల నీళ్ళూ ఒక టార్పాలిన్ మీదికి చేరాయి. ఆ రాత్రి నుండి ఎవరికైనా చెంబుతో కొలిచే ఇచ్చారు. గిన్నెలు ఇసుకతో తోముకున్నాము.

మరునాడు మధ్యాహ్నానికి 26వ బావి చేరాము. పాడుబడిన దానిని 1983లో మళ్ళీ పాత పద్ధతిలోనే కట్టి నిలబెట్టారు. అడుగున చల్లని నీరు కనబడగానే పిల్లలు గంతులు వేశారు. తోడుకుని, కాచి, చల్లార్చి డబ్బాలు నింపుకున్నాము.

ఆ నీళ్ళు కాగుతుండగా మా బృందములో పెద్దవాడు ఆ బావుల కథ చెప్పాడు. ఉత్తరాన కింబర్లీ పశువులను దక్షిణాన బంగారు గనుల ఊళ్ళకు తోలడానికి దారి కావలసి, 1906లో ఆల్‌ఫ్రెడ్ కానింగ్ అనే సర్వేయరు 23 ఒంటెలతో విలూనా నుండి కదిలాడు. ఎడారిలో నీరెక్కడుందో అతనికేమి తెలుసు? తెలిసినవారు అక్కడి ఆదివాసులే. వారిని పట్టి గొలుసులు వేసి, జాడ చూపించమన్నాడు. అతని వంటవాడు ఎడ్వర్డ్ బ్లేక్ దీనిమీద ఫిర్యాదు చేయగా 1908లో రాయల్ కమిషన్ కూర్చుంది. గొలుసులు వేసినమాట కానింగ్ ఒప్పుకున్నాడు. కమిషన్ మాత్రము తప్పులేదని వదిలేసింది! 1910 నాటికి 51 బావులు తయారయ్యాయి. వాటిలో చాలావరకు ఆ ఆదివాసులు తరతరాలుగా తాగుతున్న చెలమల చోటనే తవ్వినవి.

మన మోటబావి ఎరిగినవారికి మిగతాది సులభంగా అర్థమవుతుంది. ఎద్దుల బదులు ఒంటెచేత తాడు లాగించి మందలకు నీరు తోడేవారు, లేదా చేతితో తిప్పే గిలక ఉండేది. ఒంటె లేనివాడు, నలుగురు బలమైన మనుషులు లేనివాడు ఏమి చేయాలి? చెలమలో దోసిలితో తాగినవారికి తమ నీరే అందకుండా పోయింది. 1929లో బావులు బాగుచేయడానికి వెళ్ళిన విలియం స్నెల్ ఆ సంగతి గమనించాడు. బరువైన బకెట్టు లాగలేక పిడి వదిలేసి చేతులు, తలలు పగలగొట్టుకుంటున్నారని రాసి, కొన్ని బావుల్లోకి నిచ్చెనలు దింపించాడు. ఇస్సాకు బావుల దగ్గర జరిగిన జగడము చదివినవారికి ఇలాంటివి కొత్త కాదు. ఇంతా చేసి ఆ దారిన 1911 నుండి 1931 వరకు నడిచిన మందలు ఎనిమిదే. చివరి మంద 1959లో వెళ్ళింది. ఆ నేలలో చాలా భాగముమీద మార్టు ప్రజల హక్కును న్యాయస్థానము 2002లో గుర్తించింది.

కథ విన్న తరువాత ఎవరమూ వెంటనే లేవలేదు. మూడవ జీపులోని చిన్నది మాత్రము, “ఆ గొలుసులు వేసినవాళ్ళకి వీళ్ళు నీళ్ళు ఎందుకు చూపించారు?” అని అడిగింది. దాని తండ్రి, “దాహం తల్లీ, గొలుసులో ఉన్నవాడికీ దాహమే కదా” అన్నాడు.

చీకటి పడకముందే బయలుదేరాలి. జంతువులు పడకుండా బావిమీద మూత వేయమని పెద్దవాడు చెప్పాడు. అల్లుడూ మేమూ చెరో కొస పట్టి మూసి, అది సరిగా కూర్చున్నదో లేదో రెండుసార్లు చూసి జీపెక్కాము.