బానెట్ కింద కుక్కరు

పోయిన మే నెలలో గుంటూరు నుంచి మా తుళ్లూరు వస్తున్నాం. మా ఆయన, అత్తయ్య, నేను, పిల్లలిద్దరూ. మిట్టమధ్యాహ్నం. తాడికొండ దాటామో లేదో ఏ.సి.లోంచి వేడిగాలి మొదలైంది. చూస్తే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీద! బానెట్ సందుల్లోంచి ఆవిరి. మా ఆయన కారు ఆపి, చేతికి రుమాలు చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయారు. అత్తయ్య ఒక్క కేక పెట్టింది: "ఒరేయ్, ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తావేంట్రా!"

అత్తయ్యకు కారు సంగతులేం తెలియవు. కానీ అన్నమాట అక్షరాలా నిజం. రేడియేటర్ మూతకి లోపల స్ప్రింగు ఉంటుంది. అది నిలిపే ఒత్తిడి మన కుక్కరులో ఉండేదానికి దగ్గర దగ్గరే. అందుకే లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీశామా, ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి.

మరేం చేయాలంటారా? ముల్లు పైకి పోతోందనగానే ఏ.సి. కట్టేసి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా పెట్టండి. మే నెలలో హీటరా అని నవ్వకండి! డాష్‌బోర్డు వెనక హీటర్‌కి ఇంకో బుల్లి రేడియేటర్ ఉంటుంది. ఇంజను వేడిని అది కొంత లాగేస్తుంది, బండి పక్కకి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఆవిరి కనిపిస్తే మాత్రం ఇవేవీ వద్దు. వెంటనే ఇంజను ఆపి, పిల్లల్ని దించి నీడకు పంపండి. అరగంటో ముప్పావుగంటో ఆగాల్సిందే. ఇంజను బాగా చల్లారాక, మందపాటి గుడ్డ వేసి మూత కొంచెం తిప్పండి. బుస్సుమనడం ఆగాకే పూర్తిగా తీయాలి. వేడి ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించకండి. కాలిన మట్టిచట్టిలో నీళ్లు పోస్తే ఏమవుతుందో మీకు తెలుసుగా.

మర్నాడు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తాం. తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ కింది గీతకన్నా దిగిపోయింది. కారు కింద అట్టముక్క పరిచి ఇంజను కాసేపు తిప్పితే పచ్చటి జిగట చుక్కలు పడ్డాయి. రంగులేని ఉత్త నీళ్లయితే అది ఏ.సి. నీరు, భయం లేదు. మాది రబ్బరు పైపు క్లాంపు వదులవడం. మెకానిక్ పది నిమిషాల్లో బిగించాడు.

అసలు తప్పు మాత్రం మాదే. రెండేళ్లుగా బోరు నీళ్లు పోస్తూ వచ్చాం. గిన్నెల అడుగున తెల్లపొర కట్టే నీళ్లు రేడియేటర్ సన్న గొట్టాల్ని వదుల్తాయా? కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలపాలట, కంపెనీ పుస్తకంలో చెప్పిన పాళ్లలో. పైగా పత్తి తీతల రోజుల్లో ఎగిరే దూది, దుమ్ము రేడియేటర్ రెక్కల్లో మెత్తలా పేరుకున్నాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు సన్నటి నీటిధారతో కడిగాం. గట్టిగా కొడితే రెక్కలు వంగిపోతాయి. ఒక్కమాట, అక్కడ చీరకొంగు, జడ జాగ్రత్త! చాలా కార్లలో ఇంజను ఆపాక కూడా ఫ్యాను తిరుగుతుంది.

ఇంజనాయిలు పాలు కలిపిన కాఫీలా కనిపించినా, పొగగొట్టంలోంచి తెల్లపొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తున్నా ఇంట్లో చేసేదేం లేదు. బండి కదపకుండా మెకానిక్‌నే పిలిపించండి. ముందు సీటు కింద కార్పెట్ తడిసి అదే వాసన వేస్తుంటే బుల్లి రేడియేటర్ కారుతున్నట్టు.

ఇంకో సంగతి. మిగిలిన కూలెంట్‌ని మా ఆయన కూల్‌డ్రింక్ సీసాలో పోసి వంటింటి గట్టు కింద పెట్టారు! చూసి నా గుండె ఆగినంత పనైంది. ఎక్కువ కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కిడ్నీలు పాడైపోతాయి, ప్రాణం పోవచ్చు. ఎవరైనా తాగితే ఉప్పునీళ్లు పట్టించి కక్కించబోకుండా, ఆ డబ్బా వెంటపెట్టుకుని నేరుగా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ సీసాని అప్పుడే ఖాళీ చేయించి, కూలెంట్ మళ్లీ దాని డబ్బాలోనే పోయించి, బీరువా మీద పెట్టించాను. వాకిట్లో పడ్డ చుక్కల్ని కూడా సబ్బునీళ్లతో కడిగేశాం, వీధికుక్కలు నాకుతాయని.